దువా (ప్రార్థన) ఒక చేత, దవా (మందు) ఒక చేత: హైదరాబాద్ ముస్లిం కుటుంబాలకు మానసిక చికిత్స మార్గదర్శి

పాతబస్తీలోనైనా, టోలీచౌకీలోనైనా, మౌలాలీలోనైనా ఇంట్లో ఒకరికి మనసు బాగా లేనప్పుడు నడిచే వరుస దాదాపు ఒక్కటే. ముందు ఇంటి పెద్దావిడకు చెబుతారు, ఆమె నజర్ తగిలిందని ఎండు మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేస్తుంది. తగ్గకపోతే దమ్ చేసిన (ఖురాన్ చదివి ఊదిన) నీళ్లు వస్తాయి, ఆ తర్వాత తావీజు, ఆ తర్వాత ఎవరో చెప్పిన ఆమిల్ అనే భూతవైద్యుడు. మధ్యలో గుండె దడ ఎక్కువైతే ఈసీజీ తీయిస్తారు, అది మామూలుగానే ఉందని తేలితే "పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది" అంటారు. ఇవన్నీ అయిపోయి, చేతిలో డబ్బు, ఒంట్లో ఓపిక రెండూ కరిగిపోయాక, ఎవరికీ చెప్పకుండా మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తారు. మా ఖాలా (అమ్మ తోబుట్టువు) విషయంలో ఈ వరుస పూర్తి కావడానికి ఆరేళ్లు పట్టింది.

చికిత్స ఆలస్యం కావడానికి మతమే కారణమని బయటివాళ్లు తేలిగ్గా అనేస్తారు. నేను చూసినంతలో అది సరైన మాట కాదు. ఎవరి దగ్గరికి ముందు, ఎవరి దగ్గరికి తర్వాత అనే వరుసలోనే అసలు చిక్కు ఉంది. ఆ వరుసను ఎలా మార్చుకోవచ్చో, మార్చుకున్నాక ఒక్కో గడపలో ఏం చేయాలో చెప్పడమే ఈ వ్యాసం పని. ఇది ఒక్క ముస్లింల బాధ కూడా కాదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, పెద్దవారిలో సుమారు 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉండగా, రుగ్మతను బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు గానీ, మన గల్లీలు అందుకు భిన్నంగా ఉంటాయనుకోవడానికి నాకు ఏ ఆధారమూ కనిపించదు.

1. ఇంట్లో వాడే మాటలను వినడం

"నాకు డిప్రెషన్" అని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పరు. "దిల్ ఘబ్రారా" (మనసు ఆందోళనగా ఉంది) అంటారు, "సర్ భారీ హై" (తల బరువుగా ఉంది) అంటారు, తెలుగు మాట్లాడే ఇళ్లలోనైతే "గుండె జారిపోతున్నట్టుంది", "ఒళ్లంతా మంటలు", "తిన్నది ఒంటబట్టడం లేదు" అంటారు. బాధ ముందు ఒంట్లోనే మాట్లాడుతుంది కాబట్టి, ఒకసారి ఒంటిని చూపించడం సబబే. రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం వంటివి కూడా మనిషిని కుంగదీస్తాయి, ఆ పరీక్షలు ఒకసారి చేయించాలి. అయితే మూడో ఈసీజీ కూడా బాగానే ఉందన్న తర్వాత నాలుగోది తీయించడం కంటే, ఈ దడ ఆందోళన వల్ల వస్తున్నదేమోనని అడగడం మేలు.

రెండు వారాల పాటు ఒక చిన్న పుస్తకంలో నాలుగు విషయాలు రాసి పెట్టండి: ఎన్ని గంటలు నిద్రపోయారు, ఏం తిన్నారు, ఏ పని మానేశారు, ఏ మాట మళ్లీ మళ్లీ అంటున్నారు. ఇష్టంగా చేసే పనిని మనిషి వదిలేయడం మందకొడితనం కంటే స్పష్టమైన గుర్తు. ప్రతి శుక్రవారం తలంటు పోసుకొని, ఖట్టీ దాల్ తానే తాలింపు పెట్టుకునే మనిషి, అదే చీరలో మూడు రోజులు మంచం దిగకుండా ఉంటే అది సోమరితనం కాదు.

ఇక్కడ చాలా కుటుంబాలు ఒక పొరపాటు చేస్తాయి. నమాజు మానేస్తే కంగారు పడతారు, నమాజు హఠాత్తుగా పెరిగితే మాత్రం సంతోషిస్తారు. నిద్ర లేకుండా వరుసగా నాలుగు రాత్రులు జిక్ర్ (దైవనామ స్మరణ) చేస్తూ, అలసటే తెలియకుండా, వేగంగా మాట్లాడుతూ, తనకు ప్రత్యేకమైన సందేశాలు అందుతున్నాయని చెబుతూ, జేబులో ఉన్నదంతా దానం చేసేస్తున్న కుర్రవాడిని చూసి "మా అబ్బాయి దీన్ (మతం) వైపు వచ్చాడు" అని మురిసిపోవడం నాకు తెలుసు. అది, మనసు ఉన్మాదానికీ కుంగుబాటుకూ మధ్య ఊగే బైపోలార్ రుగ్మతలో వచ్చే ఉన్మాద దశ కావచ్చు. భక్తి పెరగడం మంచిదే, కానీ భక్తి నిద్రను చంపదు.

దుఃఖాన్ని రోగంగా పొరబడకూడదన్నదీ అంతే నిజం. ఇంట్లో ఎవరైనా పోతే మూడో రోజు జియారత్ దగ్గర్నుంచి నలభయ్యో రోజు చహెలుమ్ వరకు నలుగురూ వస్తూనే ఉంటారు. కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది, ఎందుకంటే నలభై ఒకటో రోజు నుంచి తలుపు తట్టేవారుండరు. నెలలు గడిచినా మనిషి తేరుకోకుండా, తన ప్రాణం మీదే తీపి లేనట్టు మాట్లాడుతుంటే అప్పుడు చికిత్స గురించి ఆలోచించాలి.

2. ఆగకూడని సందర్భాలు

కింది పరిస్థితుల్లో పుస్తకం రాయడం, పెద్దల్ని ఒప్పించడం వంటివన్నీ పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి: చనిపోవాలనుందని అనడం లేదా అందుకు ఏర్పాట్లు చేసుకోవడం, ఎవరికీ వినిపించని గొంతులు తనకు ఆజ్ఞలిస్తున్నాయని చెప్పడం, తిండి నీళ్లు పూర్తిగా మానేయడం, ఇతరుల మీదికి వెళ్లడం. బాలింత విషయంలో మరీ జాగ్రత్త కావాలి. కాన్పు తర్వాత మొదటి కొద్ది వారాల్లో నిద్ర పూర్తిగా పోయి, పొంతన లేకుండా మాట్లాడుతూ, బిడ్డ గురించి వింత అనుమానాలు చెబుతుంటే దాన్ని మన ఇళ్లలో "సాయా" (దయ్యం నీడ) అంటారు, చిల్లా (నలభై రోజులు) పూర్తయ్యే దాకా గది దాటనివ్వరు. అది అత్యవసర వైద్యం కావలసిన స్థితి. వైద్యం అందితే బాగా తగ్గుతుంది, ఆలస్యమైతే తల్లికీ బిడ్డకూ ప్రమాదం.

అంబులెన్సుకు 108, మాట సాయానికి 14416. రెండోది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్. దీనికి డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగు, ఉర్దూ, హిందీ భాషల్లోనూ మాట్లాడతారు.

ఇస్లాంలో ఆత్మహత్య నిషిద్ధం. అందువల్లే ఆ ఆలోచన వచ్చినవారు దాన్ని పైకి చెప్పుకోలేక, ఆలోచన రావడమే పాపమని కుమిలిపోతారు. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా, మెల్లగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, చాలామందికి ఆ ప్రశ్న వినగానే గుండె బరువు దిగుతుంది. "తౌబా తౌబా, అలా అనకూడదు" అంటే మాత్రం ఆ నోరు మళ్లీ తెరుచుకోదు.

3. ఇంట్లో చెప్పే పద్ధతి

మొదట ఎవరికి చెప్పాలన్నది జాగ్రత్తగా ఎంచుకోవాలి. ఇంట్లో గొంతు పెద్దగా ఉన్నవారికి కాదు, విన్న మాటను కడుపులో దాచుకోగలిగినవారికి చెప్పాలి. ఒక మామూ, ఒక పెద్ద ఆపా, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే వదిన, ఇలా ఒక్కరు చాలు. ఒకేసారి పదిమందిని కూర్చోబెట్టి చెబితే పది సలహాలు వస్తాయి, అందులో ఎనిమిది ఆమిల్ పేర్లే ఉంటాయి.

బాధపడుతున్న మనిషితో మాట్లాడేటప్పుడు రోగం పేరుతో మొదలుపెట్టకండి. "నెల రోజులుగా నువ్వు నిద్రపోవడం లేదు ఖాలా, ఆ నిద్ర కోసం ఒక డాక్టరును కలుద్దాం" అంటే వింటారు, ఎందుకంటే అది వారికి తెలిసిన బాధ. కానీ బీపీ డాక్టరని అబద్ధం చెప్పి తీసుకెళ్లకండి. బోర్డు చదవగలిగే మనిషి గుమ్మం దగ్గరే వెనుదిరుగుతారు, రెండోసారి మీ మాట నమ్మరు.

పెళ్లి సంబంధాల భయం నిజమైనదే, దాన్ని తక్కువ చేయలేను. "చెల్లికి మందులు నడుస్తున్నాయట" అన్న మాట మీద రిష్తా తప్పిపోయిన ఇళ్లు ఉన్నాయి. కానీ దాచి చేసిన పెళ్లి మూడో నెలలో మందుల సీసా బయటపడి విరిగిన ఇళ్లు కూడా ఉన్నాయి, అక్కడ నష్టం రెండింతలు. చికిత్స జరిగి కుదుటపడిన తర్వాత, నిఖా మాటలు గట్టిపడే దశలో అవతలి పెద్దలిద్దరికి ఉన్నదున్నట్టు చెప్పడమే నాకు తెలిసిన మంచి దారి. పెళ్లి మాత్రం మందు కాదు.

భర్త జెద్దాలోనో దుబాయిలోనో ఉండి, అత్తవారింట్లో ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటున్న కోడళ్ల విషయం మరో రకం. వారి ఫోను నలుగురి మధ్యలో మోగుతుంది, గడప దాటాలంటే కారణం చెప్పాలి. ఇలాంటి చోట భర్తను ముందు ఒప్పించి, ఆయన చేత అత్తగారికి ఒక్క మాట చెప్పించడం సగం పనిని తేలిక చేస్తుంది. ఆయనకు పంపే సందేశంలో ఏడుపు కంటే ఆ రెండు వారాల పుస్తకం పేజీల ఫొటో బాగా పనిచేస్తుంది.

4. ఆలిమ్‌ను, ఆమిల్‌ను వేరుచేసి చూడడం

ఈ రెండు మాటలకు అక్షరాల వరుసలోనే తేడా, మనుషులకు మాత్రం చాలా తేడా. ఆలిమ్ చదువుకున్న పండితుడు, ఫిఖా (ఇస్లామిక్ ధర్మశాస్త్రం) తెలిసినవాడు. ఆమిల్ జిన్నులు, జాదూ (చేతబడి) వదిలిస్తానని చెప్పేవాడు. ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించడానికి డాక్టరు కంటే ముందు మీకు కావలసినది మంచి ఆలిమ్ మాటే కావచ్చు. ఆయనను అడగవలసిన ప్రశ్న "ఇది జిన్నా, రోగమా" అన్నది కాదు. "దువా చేస్తూ వైద్యం చేయించుకోవచ్చా" అని అడగండి. దీనికి మందు తీసుకోవద్దనే ఆలిమ్‌ను నేను ఇంతవరకు చూడలేదు.

ఆధారాలు కావాలంటే కొరత లేదు. ప్రతి రోగానికీ అల్లాహ్ ఒక చికిత్సను దించాడన్న హదీసు (ముహమ్మద్ ప్రవక్త మాట) బుఖారీ సంకలనంలో ఉంది. ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయమన్నది తిర్మిజీ సంకలనంలోని మాట. కొడుకు యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి యాఖూబ్ ప్రవక్త కళ్లు తెల్లబడిపోయాయని ఖురాన్ 12వ సూరా (అధ్యాయం)లోనే ఉంది, ఆయన ఈమాన్ (విశ్వాసం) తక్కువని ఎవరైనా అనగలరా? ప్రవక్త భార్య ఖదీజా, ఆయనను పెంచిన తండ్రి సోదరుడు అబూ తాలిబ్ ఇద్దరూ పోయిన ఏడాదిని ముస్లిం చరిత్ర దుఃఖ సంవత్సరమనే పిలుస్తుంది. ఇక వైద్యుల సంగతికొస్తే, 934లో చనిపోయిన అబూ జైద్ అల్ బల్ఖీ, కారణం తెలిసిన దుఃఖాన్ని, కారణం తెలియకుండా కమ్ముకునే దుఃఖాన్ని వేరుచేసి, రెండోదానికి శరీరానికీ మందు కావాలని రాశాడు. వదలకుండా వేధించే ఆలోచనల గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే రాశాడు. బల్ఖ్ నేటి అఫ్గానిస్తాన్‌లో ఉంది. మనసుకు మందు పడమటి దేశాల నుంచి వచ్చిన అలవాటని వాదించే చాచాలకు ఈ ఒక్క పేరు చెప్పవచ్చు.

ఆమిల్ దగ్గరికి ఇప్పటికే వెళ్తున్నవారితో యుద్ధం పెట్టుకోవద్దు. ఖురాన్ చదివి ఊదడం, నాంపల్లి యూసుఫైన్ దర్గాలో కాసేపు కూర్చుని రావడం వల్ల మనసు తేలికపడితే అది మంచిదే. గీత గీయవలసిన చోట్లు వేరే ఉన్నాయి: మందులు ఆపమనడం, కొట్టడం, పొగ పెట్టడం, కట్టేయడం, ఆడవారిని ఒంటరిగా గదిలోకి రమ్మనడం, ప్రతి వారం రేటు పెంచడం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాను ఆనుకొని నడిచిన ఒక ప్రైవేటు ఆశ్రమం తగలబడినప్పుడు గొలుసులతో కట్టి ఉన్న 28 మంది రోగులు కదలలేక చనిపోయారు. ఇప్పుడు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. మరోవైపు, గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా ఆవరణలోనే "దవా, దువా" పేరుతో మానసిక వైద్యులను కూర్చోబెట్టారు, అక్కడి ముజావర్లే (దర్గా సేవకులే) రోగులను వారి దగ్గరికి పంపుతారు. మన దర్గాల పెద్దలు ఈ పద్ధతిని ఒకసారి చూసి రావాలని నా కోరిక.

5. ఎవరి దగ్గరికి వెళ్లాలి

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, పరీక్షలు, మాటల చికిత్స చేస్తారు. వారికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు సంఖ్య ఉండాలి, ఆ సంఖ్య అడగడం అమర్యాద కాదు. కౌన్సెలర్ అనే మాటకు అంత గట్టి కట్టుబాటు లేదు, రెండు నెలల సర్టిఫికెట్ కోర్సు చేసినవారూ ఆ బోర్డు పెట్టుకోవచ్చు. కాబట్టి చదువు, అనుభవం అడిగి తెలుసుకోవాలి. నిద్ర, తిండి బాగా దెబ్బతిన్నా, గొంతులు వినిపిస్తున్నా ముందు సైకియాట్రిస్ట్ దగ్గరికే వెళ్లాలి.

డబ్బు ఇబ్బంది ఉన్నవారికి ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి, పంజాగుట్ట నిమ్స్‌లోనూ ఉంది. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ నిజాం కాలంలో జాల్నాలో నడిచి, 1953లో ఇక్కడికి వచ్చింది. "ఎర్రగడ్డకు పంపిస్తా" అన్న వెక్కిరింత మన నాలుకల మీద ఎంత పాతుకుపోయిందంటే, అక్కడ ఓపీ చీటీ రాయించుకొని, డాక్టరును చూసి, మందులు తీసుకొని మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేయవచ్చని చాలామందికి తెలియదు. వెళ్లిన ప్రతివాణ్నీ లోపల ఉంచేసుకోరు. మత్తు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయడాన్ని చట్టమే నిషేధించింది కాబట్టి, సినిమాల్లో చూసిన దృశ్యాలను మరచిపోవచ్చు.

థెరపిస్ట్ ముస్లిమే అయి ఉండాలా? నా అభిప్రాయంలో అవసరం లేదు. వుజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం) అంటే ఏమిటో, ఖులా (భార్య కోరే విడాకులు) అంటే ఏమిటో ప్రతిసారీ వివరించే శ్రమ తప్పుతుందన్నది నిజమే. కానీ ఒకే మొహల్లాలో, ఒకే బిరాదరీలో ఉన్నవారి ముందు నోరు విప్పడానికే కొందరు జంకుతారు, వారికి వేరే మతస్థుల దగ్గరే ధైర్యంగా ఉంటుంది. మతం కంటే భాష ముఖ్యం. దఖనీ ఉర్దూలో ఏడ్చే మనిషిని ఇంగ్లిష్‌లో ఓదార్చలేరు. ఫోను చేసినప్పుడే మూడు ప్రశ్నలు అడగండి: మా భాష వస్తుందా, ఇలాంటి సమస్యను ఇంతకుముందు చూశారా, నమాజు, ఉపవాసం వంటివి చికిత్సలో అడ్డనుకుంటారా?

ఆ మూడో ప్రశ్న మేము అడగలేదు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా ఖాలాను పది నిమిషాలు చూసిన డాక్టరు "అయితే కొన్నాళ్లు నమాజు మానేయండి" అన్నాడు. ఆమె బయటకు వచ్చి చెప్పులేసుకొని, మాతో ఒక్క మాట మాట్లాడకుండా ఆటో ఎక్కింది. మరో పద్నాలుగు నెలలు ఏ డాక్టరు గడపా తొక్కలేదు.

6. మొదటి రోజు

పాత మందుల చీటీలన్నీ, ఈసీజీలు, హకీమ్ ఇచ్చిన పొట్లాలు కూడా తీసుకెళ్లండి. యునానీ మందులు వాడుతుంటే దాచవద్దు, కొన్ని మూలికలు మాత్రలతో పడవు. రెండు వారాల పుస్తకం మరచిపోకండి. తోడు వెళ్లినవారు మొదటి పది నిమిషాలు చెప్పి, ఆ తర్వాత బయటకు రావాలి. మనం పక్కన ఉన్నంతసేపూ అసలు మాట రాదు.

పర్దా పాటించే స్త్రీలు పరాయి మగవాడితో మూసిన గదిలో కూర్చోవడానికి ఇష్టపడకపోతే దానికి దారులున్నాయి. మహిళా డాక్టరును అడగవచ్చు, తలుపు కొంచెం తెరిచి ఉంచి, తోడు వచ్చినవారిని కనుచూపు మేరలో, మాట వినపడనంత దూరంలో కూర్చోబెట్టవచ్చు. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

లోపలికి వెళ్లినవారిని ఆపే మరో సంకోచం గీబత్. అత్త గురించో భర్త గురించో డాక్టరుకు చెప్పడం చాడీ కాదా అని మథనపడతారు. తన భర్త అబూ సుఫ్యాన్ పిసినారి అని, ఇంటి ఖర్చుకు చాలినంత ఇవ్వడని హింద్ అనే ఆమె ప్రవక్త దగ్గరే ఫిర్యాదు చేసింది. ఆయన ఆమెను నోరు మూసుకోమనలేదు, న్యాయంగా తనకూ బిడ్డలకూ సరిపడినంత తీసుకొమ్మన్నారు. సాయం కోసం, న్యాయం కోసం, ధర్మం తెలుసుకోవడం కోసం చెప్పే మాట గీబత్ కిందికి రాదని 13వ శతాబ్దపు పండితుడు ఇమామ్ నవవీ విడమరచి చెప్పాడు. మీరు చెప్పింది డాక్టరు బయట చెప్పకూడదని, ఆ గోప్యత రోగి హక్కని 2017 చట్టం చెబుతోంది. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాల్లో మాత్రం మినహాయింపు ఉంటుంది.

అదే చట్టంలో మన ఆడవాళ్లకు బాగా పనికొచ్చే ఒక ఏర్పాటు ఉంది. ఒకవేళ తనకు తెలివి తప్పే స్థితి వస్తే తన తరఫున మాట్లాడే ప్రతినిధిగా ఎవరు ఉండాలో, మైనరు కానివారు ఎవరైనా తెల్ల కాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి పెట్టుకోవచ్చు. ఆ మనిషి భర్తో అత్తో కానక్కర్లేదు, చెల్లెలు కావచ్చు, నమ్మకమైన స్నేహితురాలు కావచ్చు. బాగున్న రోజుల్లోనే ఆ కాగితం రాసి ఒక ఫొటో తీసి ఉంచుకోవాలి.

7. మందులు, రంజాన్

కుంగుబాటుకు ఇచ్చే మందులు పనిచేయడం మొదలుపెట్టడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో కడుపులో వికారం, కాస్త తలనొప్పి కనిపించి, మేలు ఇంకా కనిపించకముందే చాలామంది మానేస్తారు. ఈ మందులు అలవాటైపోతాయన్న భయం ఎక్కువగా నిద్రమాత్రల నుంచి వచ్చింది, రెండూ ఒకటి కావు. అయినా దేన్నీ ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గించేది డాక్టరే. జెలటిన్ గొట్టాల్లో వచ్చే మందు హలాలా కాదా అన్న సందేహం ఉంటే, అదే మందు మాత్రగా దొరుకుతుందేమో అడగండి. మనసులో సందేహం పెట్టుకొని చాటుగా పారేయడం కంటే అది నయం.

రంజాన్ సంగతి దానికి ముందు వచ్చే షాబాన్ నెలలోనే మాట్లాడుకోవాలి. చాలా మందులను ఇఫ్తార్‌కు, సహరీకి (తెల్లవారకముందు తినే భోజనానికి) సర్దవచ్చు, కానీ ఆ సర్దుబాటు మీరు చేసుకోకూడదు. బైపోలార్‌కు ఇచ్చే లిథియం వాడేవారికి మాత్రం ప్రత్యేక హెచ్చరిక. ఎండల్లో నీళ్లు లేకుండా పగలంతా గడిపితే ఆ మందు రక్తంలో పెరిగి విషంగా మారగలదు. వారు ఉపవాసం ఉండాలా వద్దా అన్నది రక్తపరీక్ష చేసి డాక్టరు చెప్పాలి. రోగులు ఆ రోజులను తర్వాత పూర్తిచేసుకోవచ్చన్న వెసులుబాటు ఖురాన్ 2వ సూరా 185వ ఆయత్‌లోనే ఉంది.

ఆకలి కంటే నిద్ర ఎక్కువ ప్రమాదం తెస్తుందని మన ఊళ్లో మరీ గుర్తుంచుకోవాలి. ఆఖరి పది రోజుల్లో చార్మినార్, మదీనా సర్కిల్ బజార్లు సహరీ దాకా వెలుగుతూనే ఉంటాయి. తరావీహ్ (రంజాన్ రాత్రి నమాజు), ఆపై షాపింగ్, ఆపై హలీమ్, ఆపై సహరీ, ఇలా రాత్రంతా మేలుకునే అలవాటు బైపోలార్ ఉన్నవారిని ఉన్మాద దశలోకి నెట్టగలదు. వారికి ఇంట్లో ఒక గదిలో రాత్రి వరుసగా కనీసం ఐదారు గంటల నిద్ర దొరికేలా చూడడం కుటుంబం బాధ్యత.

8. వస్వసా: ఒక చికిత్స దగ్గర నుంచి

మా ఖాలాది ఓసీడీ, అంటే వదలని అనుమానాలతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే రోగం, మన ఇళ్లలో వస్వసా అంటారు. ఫజర్ (తెల్లవారుజాము) నమాజు కోసం ఆమె నాలుగు గంటలకే లేచేది. స్నానాల గదిలో నీలిరంగు ప్లాస్టిక్ పీట మీద కూర్చొని వుజూ మొదలుపెట్టేది. మోచేయి తడిసిందా లేదా అన్న అనుమానంతో మళ్లీ కడిగేది, మధ్యలో వుజూ విరిగిందేమోనని మళ్లీ మొదటికి వచ్చేది. మిద్దె మీద ట్యాంకు ఖాళీ అయ్యేది, కిందింటి వాళ్లు అరిచేవారు, సూర్యుడు వచ్చేసేవాడు. చేతుల చర్మం పగిలి వేళ్ల సందుల్లో రక్తం కనిపించేది. ఇంట్లో అందరం ఆమె నిష్ఠను మెచ్చుకున్నాం, తర్వాత విసుక్కున్నాం, చివరకు "అయింది ఖాలా, అయింది" అని రోజుకు యాభైసార్లు భరోసా ఇచ్చాం. ఆ భరోసాయే రోగానికి ఎరువని మాకు తర్వాత తెలిసింది.

రెండో డాక్టరు మందు రాసి, ఇది ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టవచ్చని ముందే చెప్పి, సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఆమె హిందువు, నిజామాబాద్‌లో పెరిగి దఖనీ బాగా మాట్లాడేది. మొదటి రోజే "మీ నమాజును నేను ముట్టుకోను, నమాజును మీ నుంచి లాక్కుంటున్న దాన్ని పట్టుకుందాం" అంది. రెండో వారం మా మసీదు ఇమామ్ సాబ్‌తో ఫోనులో మాట్లాడింది. వుజూలో ఒక్కో అవయవాన్ని మూడుసార్లకు మించి కడగడం సరికాదని, నిశ్చయం సందేహంతో చెదరదన్నది ఫిఖా సూత్రమని, మాటిమాటికీ సందేహం వచ్చేవారు ఆ సందేహాన్ని పట్టించుకోకుండా ముందుకు సాగాలని ఆయన చెప్పారు. ప్రవక్త ఒక ముద్ నీటితో వుజూ చేసేవారన్న హదీసును గుర్తుచేసిందీ ఆయనే. ముద్ అంటే చాలామంది లెక్కలో లీటరు కూడా కాదు, అందులో సుమారు మూడింట రెండు వంతులు.

అక్కణ్నుంచి చికిత్స లెక్కల్లో నడిచింది. ఖాలాకు భయం కలిగించే పనులన్నీ రాయించి, ఒక్కోదానికి సున్నా నుంచి వంద వరకు అంకె వేయించారు. కుళాయి ఒకసారే కట్టేయడం 40. మోచేయి మీద అనుమానం ఉండగానే తువ్వాలు తీసుకోవడం 65. ఒక్క లీటరు సీసా నీటితో వుజూ ముగించి, మళ్లీ కడగకుండా జానమాజ్ (నమాజు చాప) మీద నిలబడడం 95. తక్కువ అంకె నుంచి మొదలుపెట్టి, ఒక్కో పని రోజూ చేస్తూ, చేసిన తర్వాత వచ్చే గుబులును కడుక్కోకుండా భరించాలి. ఆ గుబులు దానంతట అదే కాసేపటికి దిగుతుంది. మొదటిసారి ఖాలాకు యాభై నిమిషాలు పట్టింది, మూడో వారానికి పావుగంట. ఏ మెట్టులోనూ దీన్‌కు విరుద్ధమైన పని చేయమనలేదు, చేయమంటే ఆమె చేసేది కూడా కాదు. ఇలాంటి చికిత్సకు సాధారణంగా 12 నుంచి 20 సెషన్లు పడతాయి.

ఇంట్లోవాళ్లకు ఇచ్చిన పని మాకు అన్నింటికంటే కష్టమైంది. "నా వుజూ అయిందా?" అని ఆమె అడిగినప్పుడు "అయింది" అనకూడదు. "దీనికి జవాబు చెప్పనని ఒప్పుకున్నాం కదా ఖాలా" అని నెమ్మదిగా అని అక్కడే కూర్చోవాలి. మొదటి వారం ఆమె ఏడ్చింది, మమ్మల్ని రాతి గుండెలంది. మా అమ్మ రెండుసార్లు చాటుగా "అయిందిలే" అనేసింది. సైకాలజిస్టుకు ఆ సంగతి కూడా చెప్పాం, ఆమె నవ్వి అమ్మను కూడా ఒక సెషన్‌కు రమ్మంది.

మెరుగైన తర్వాత ఆమె మందు మానేస్తానని పట్టుబట్టింది, ఆరో నెలలో చెప్పకుండా మానేసింది కూడా. మూడు వారాల్లో కుళాయి శబ్దం మళ్లీ వినిపించింది. మళ్లీ మొదలుపెట్టడానికి ఈసారి ఆరేళ్లు కాదు, నాలుగు రోజులు పట్టాయి. ఎవరిని ముందు పిలవాలో ఇంట్లో అందరికీ తెలుసు. ఇప్పుడు ఆ గదిలో పీట పక్కన లేబుల్ చిరిగిన లీటరు సీసా ఒకటి ఉంటుంది. బాగున్న రోజు అందులో కొన్ని నీళ్లు మిగులుతాయి, ఖాలా వాటిని కిటికీలోని కరివేపాకు కుండీలో పోస్తుంది. బాగాలేని రోజు సీసా రెండోసారి నిండుతుంది, ఆ రోజు తారీఖు పుస్తకంలో రాసుకుంటుంది.